చింతచెట్టు ఎక్కని వాళ్లు

హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, మూసీ వైపున, ఒక ముసలి చింతచెట్టు ఉంది. దాని చుట్టూ ఉన్న కాస్త జాగాను అఫ్జల్ పార్కు అంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరి మీద పడినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలోనే 15,000 మంది దాకా పోయారని అంచనా. చెట్టు కథ చెప్పేవాళ్లంతా మొదటి అంకె దగ్గర ఆగుతారు. నా మనసు రెండో అంకె దగ్గరికి పోతుంది.

మాది చిలుకూరు. వీసా కోసం మొక్కుకునే బాలాజీ చిలుకూరు కాదు, సూర్యాపేట జిల్లాలో కోదాడ పక్కనున్న చిలుకూరు. మా అమ్మాయి మెహిదీపట్నంలో కాపురం ఉంటుంది. కోదాడలో బస్సెక్కితే సూర్యాపేట దాటాక ఒకసారి మూసీ వంతెన వస్తుంది. ఎం.జి.బి.ఎస్.లో దిగితే మళ్లీ మూసీయే, ఆ బస్టాండు కట్టిందే నది పాయల నడుమ. అక్కణ్ణించి సిటీ బస్సు కోసం అఫ్జల్‌గంజ్ దాకా నడవాలి. చేతిలో పచ్చడి జాడీలూ బియ్యం సంచీ లేకపోతే నేను ముందు చెట్టు దగ్గరికి పోయి కాసేపు కూర్చుంటాను.

పార్కు అనగానే ఉయ్యాలలూ పూలమళ్లూ ఊహించుకోవద్దు. రోగుల వెంట వచ్చినవాళ్లు ఒళ్లు వాల్చే చోటు అది. చాపలు, టిఫిను డబ్బాలు, ఎక్స్‌రే కవర్లు, ఫోను పట్టుకుని ఊరికి కబురు చెప్పే మనుషులు. నల్లగొండ యాస ఎటు తిరిగినా వినిపిస్తుంది, అందుకేనేమో నాకు అక్కడ పరాయితనం ఉండదు. గాలి మళ్లితే మాత్రం మూసీ వాసన ముక్కు బద్దలు కొడుతుంది.

ఈ మధ్య పోయినప్పుడు దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది. మొగుడికి ఆపరేషను జరుగుతోందట. చెట్టు మొదలును చేత్తో తాకి కళ్లకద్దుకుని, “మొక్కుకున్న పెద్దమ్మా. నూట యాభై మందిని కాపాడిందట గద, మా ఆయనొక్కడిని కాపాడదా?” అంది. “కాపాడుతుంది తల్లీ” అన్నాను. మనసారా అన్నాను. ఆ మాట అనకూడదనే తర్కం ఏదైనా ఉంటే ఆ తర్కమే తప్పని నా నమ్మకం. కానీ ఆమె లేచి లోపలికి పోయాక, ఆమె మాటలోని రెండో సగం నన్ను పట్టుకుంది. చెట్టు కాపాడింది, చెట్టులో ఉన్న దేవుడు కాపాడాడు, సరే. మరి మిగతావాళ్లను?

ఆ రోజు ఏం జరిగిందో కాస్త చెప్పాలి. సెప్టెంబరు 26 నుంచే వాన. మూసీకి ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. మీది చెరువు తెగిన నీళ్లు కింది చెరువు కట్టను తెంపుకుంటూ వచ్చాయి. 28 పొద్దుటికి నది నాలుగు లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన పోయాయి. ఇప్పటి ఉస్మానియాకు ముందు అక్కడున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా పోయింది. చెట్టెక్కినవాళ్లు కొమ్మలు పట్టుకుని గంటల తరబడి వేలాడుతూ కిందికి చూసే ఉంటారు. ఆ నీళ్లలో కొట్టుకుపోతున్నది ముక్కూ మొహం తెలియనివాళ్లు కాదు. నిన్న మొన్నటి దాకా ఒకే వీధిలో తిరిగినవాళ్లు.

అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఆ వరదలో తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆ ఉత్పాతం మీద ‘ఖయామతె సుగ్రా’ అని ఒక కవిత రాశాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా బతికి 1961లో కన్నుమూశాడు. ఆయన పేరు నిలిచింది దేవుణ్ణి తలుచుకునే రుబాయీల వల్ల. ఇది నన్ను చాలాకాలం తొలిచింది. ఇంటిల్లిపాదినీ నీళ్లకిచ్చినవాడు దేవుడి మీద ద్వేషం పెంచుకోలేదు. అలాగని జరిగింది ఏదో మన మంచికేనని సర్దిచెప్పుకుని ఊరుకోలేదు కూడా, ఆ విలయాన్ని కళ్లారా చూసినట్టు రాసిపెట్టాడు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “దేవుడు చెట్టు రూపంలో వచ్చి 150 మందిని రక్షించాడు” అని చెప్పగలమా? మా ఇంటి పక్క ఏ చెట్టు రూపంలోనూ ఎందుకు రాలేదని ఆయన అడిగితే మన దగ్గర ఏముంది?

మన దగ్గర ఉన్న జవాబులు తెలిసినవే. భూమ్మీద నూకలు చెల్లాయంటాం. రాసిపెట్టి ఉందంటాం. ప్రారబ్ధం అంటాం. కర్మ సిద్ధాంతాన్ని తేలిగ్గా తీసేసేదాన్ని కాదు నేను. నాకు వచ్చిన కష్టాన్ని నా కర్మ అనుకుంటే ఇంకొకరి మీద పగ పెట్టుకోకుండా బతకవచ్చు, అలా బతికినవాళ్లను చూశాను. అదే మాట పక్కింటి శవం మీద అన్నప్పుడు మాత్రం అది జాలిని చంపేస్తుంది. పదిహేను వేలమంది పాపాలు ఒక్క పూటే పండాయని, చెట్టుకు దగ్గరగా ఉన్న నూట యాభైమంది పుణ్యాత్ములని నమ్మాలంటే మనసు రాయి కావాలి. ఆసుపత్రిలో పడుకున్న రోగి కొమ్మ అందుకోలేడు, ఒళ్లో పసిబిడ్డ ఉన్న బాలింత ఎక్కలేదు. వాళ్లకు కరువైంది పుణ్యం కాదు, చేతి సత్తువ.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లోంచి వచ్చింది.

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. మా వైపు మేజర్లూ మైనర్లూ అనే పిల్లకాలువలు తవ్వి చేలల్లోకి నీళ్లు పారడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. జొన్న సంకటి తిన్న ఇళ్లలో వరి అన్నం వండింది ఆ తర్వాతే. ఆ నీళ్లంటే మా పెద్దవాళ్లకు దేవుడే. మొదటి తడికి కాలువ గట్టున పసుపు కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టినవాళ్లు వాళ్లు. ఆ కాలువలోనే మా తమ్ముడు పోయాడు. బడి లేని రోజు. వాడూ, వెనకింటి పిల్లవాడూ రేవులో దిగారు. నీళ్ల వడి ఎక్కువగా ఉంది, ఇద్దరూ కాలు జారారు. కాస్త కిందుగా గట్టు మీద నుంచి నీళ్లలోకి వంగిన తుమ్మచెట్టు ఉంది. దాని కొమ్మ ఆ పిల్లవాడి చేతికి చిక్కింది. మా వాడికి చిక్కలేదు. మనుషులు వచ్చేదాకా ఆ పిల్లవాడు ముళ్ల కొమ్మను వదలకుండా పట్టుకున్నాడు, అరచేతులు చీరుకుపోయాయి.

పెద్దకర్మ నాడు బంధువుల్లో ఒక పెద్దాయన మా అమ్మతో, “వాడి ఆయుష్షు అంతేనమ్మా” అన్నాడు ఓదార్పుగా. అమ్మ తలెత్తి, “ఆ లెక్క నువ్వు చూసొచ్చావా బాబాయ్?” అంది. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్లకు అమ్మకు ఒక సంగతి తెలిసింది. కొడుకు నీళ్లలో ఉన్నాడని విన్నప్పుడు వెనకింటి ఆమె మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకుందట. కొడుకు బతికి బయటపడ్డాడు గానీ, మొక్కు తీర్చుకోవడానికి ఆమెకు కాళ్లు రావడం లేదు. మా ఇంటి ముందు నుంచి పసుపుబట్టల్లో పిల్లవాణ్ణి నడిపించుకుపోవాలి కదా. అమ్మ ఒకనాటి సాయంత్రం తనంతట తానే వాళ్లింటికి పోయింది. “మొక్కు ఆపకూడదు వదినా. రేపు పోదాం పద, నేనూ వస్తా” అంది. నన్ను కూడా వెంటబెట్టుకుంది. మట్టపల్లిలో గుడి కృష్ణ ఒడ్డునే. పిల్లవాణ్ణి నీళ్లలోకి దించడానికి వాళ్లమ్మ వణికిపోతుంటే, మా అమ్మ వాడి రెక్క పట్టుకుని మూడు మునకలు వేయించింది. ప్రదక్షిణల్లో వాడి చెయ్యి వదల్లేదు. నేను వెనక నడుస్తూ ఆ చెయ్యినే చూశాను. కుళ్లుకున్నాను కూడా.

ఇంటికొచ్చాక మా నాయనమ్మ దులిపేసింది. “నీ కొడుకు పోతే, ఆమె కొడుకు కోసం నువ్వు కొబ్బరికాయ కొట్టడమేందే?”

“పిల్లోడు బతికాడుగా అత్తయ్యా. బతికినందుకు దణ్ణం పెట్టకపోతే ఎట్టా?” అంది అమ్మ. కాసేపాగి, “మనోడి సంగతి వేరే. అది నేను ఆయన్ని అడగాల్సిందే. అడుగుతా” అంది.

అడిగింది కూడా. ఏళ్ల తరబడి అడిగింది. దీపం పెట్టి, చేతులు జోడించకుండా, పటం ముందు కూర్చుని సూటిగా అడిగేది. కొన్నిసార్లు గొంతు పెంచేది. ఏ జవాబూ వచ్చినట్టు మాకు చెప్పలేదు. దీపం మానలేదు, అడగడమూ మానలేదు.

చెట్టు కింద నన్ను పట్టుకునే ప్రశ్నకు నాకు తెలిసిన దారి ఇదొక్కటే. దేవుడు కాపాడాడు అనేది కృతజ్ఞత. బతికి బయటపడ్డ మనిషి గుండెల్లోంచి వచ్చే దణ్ణం. దాన్ని కారణంగా మార్చి, మిగతావాళ్లను ఎందుకు కాపాడలేదో కూడా అందులోంచే లాగబోతే అది విషమవుతుంది. మా అమ్మ ఆ రెంటినీ కలపలేదు. దణ్ణానికి దణ్ణం పెట్టింది, నిలదీయాల్సింది నిలదీసింది. రెండూ ఒకే దేవుడి ముందు, ఒకే దీపం ముందు.

ఇది భక్తి కాదని ఎవరైనా అంటే వాళ్లను అరణ్యపర్వం దగ్గరికి పంపుతాను. అడవిలో ద్రౌపది ధర్మరాజును అడుగుతుంది. ఇంత ధర్మం పాటించిన నీకు ఈ గతి పట్టడమేమిటి, బొమ్మలతో ఆడుకునే పిల్లవాడిలా దేవుడు మనుషుల్ని కలిపి విడదీసి ఆడుకుంటున్నాడా అని. ధర్మరాజు నొచ్చుకుంటాడు, నాస్తికంగా మాట్లాడుతున్నావంటాడు. కానీ ఆయన అసలు జవాబు వేరు. తాను ఫలం చూసి ధర్మం చేయడం లేదని, ఫలం కోసం చేసేవాడు ధర్మాన్ని బేరం పెట్టిన వర్తకుడని. ఎందుకు ఇలా జరిగిందో చెప్పే జవాబు కాదది. జరిగినా సరే తాను ఎలా ఉంటాడో చెప్పే జవాబు. ద్రౌపది అడిగినందుకు ఆమె భక్తికి లోటు వచ్చిందని భారతం ఎక్కడా అనలేదు. తర్వాత కూడా ఆమె పిలిస్తే కృష్ణుడు వచ్చాడు. మా అమ్మ భారతం చదవలేదు, బడికే పోలేదు. కొడుకు పోయినా మొక్కు తీర్చడానికి నడిచిన ఆ నడకలో బేరం లేదు.

ఆ చెట్టు దాటి పోయిన నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో మా వైపు వాళ్లకు తెలుసు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదును చీల్చుకుని, సూర్యాపేట పక్క నుంచి వచ్చి, మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. అక్కడి లింగం తల మీద చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. దాని కథ మా వైపు పిల్లలందరికీ తెలుసు. బోయవాడు తరుముతుంటే ఒక పిట్ట వచ్చి శివుడి చాటున దాక్కుందట. శివుడు అభయమిచ్చాడు. బోయవాడు నా ఆకలి సంగతేమిటన్నాడు. అదీ న్యాయమే కదా. అప్పుడు శివుడు తన తల మీది మాంసం తీసుకోమన్నాడు. బోయవాడు రెండు చేతులా తీసుకున్నాడు, ఆ వేళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని చూపిస్తారు. ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందట. అదే ఆ నీళ్లు.

చిన్నప్పుడు ఇది శివుడి దయ గురించిన కథ అనుకునేదాన్ని. ఇప్పుడు నన్ను పట్టి ఆపేది ఆ గాయం. ఆ కథలో దేవుడు వేటను మాయం చేయలేదు, బోయవాడికి ఆకలి లేకుండా చేయలేదు. పిట్ట బతకాలంటే ఎవరో ఒకరి ఒంట్లోంచి మాంసం పోవాలి. ఆ ఒకరు తానయ్యాడు, అంతే. పుండు మానినట్టు కూడా కథ చెప్పదు. లోకాన్ని చదరంగంలా పైనుంచి నడిపే దేవుడి కంటే, తల మీద మానని పుండుతో సంగమం ఒడ్డున కూర్చున్న ఈ దేవుడికి నేను దణ్ణం పెట్టగలను. ఆయన ముందు అమ్జద్ కూడా కూర్చోగలడనిపిస్తుంది.

1908 వరద తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, మూసీ శాంతించాలని హిందువుల పద్ధతిలో పూజ చేశాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్లకు తన ప్రాసాదాల తలుపులు తెరిచి అన్నం పెట్టించాడు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. విశ్వేశ్వరయ్య నదికి కోపం ఎందుకొచ్చిందని అడగలేదు. ఎంత వాన పడింది, ఎన్ని చెరువులు తెగాయి, ఎగువన ఎంత నీటిని ఆపితే ఊరు నిలుస్తుంది అని లెక్కలు కట్టాడు. వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టమన్నాడు, నది ఒడ్డులను తోటలుగా మార్చమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పదిహేను వేలమంది ఎందుకు పోయారన్న ప్రశ్నకు మనిషికి అందే జవాబు ఆ లెక్కల్లో ఉంది. మిగిలిన ప్రశ్న దేవుణ్ణి అడగాల్సింది. పూజనూ ఇంజనీరునూ ఒకరికొకరు పోటీ పెట్టి, ఒకటి మూఢత్వమనీ రెండోది జ్ఞానమనీ రాయడం నాకు నచ్చదు. నది ముందు తలవంచినవాడే ఆ నదికి జాగా వదలాలని కూడా ఒప్పుకుంటాడు. తల వంచకుండా నదిలోకి జరిగి ఇళ్లు కడితే ఏమవుతుందో మనం ఈమధ్య కూడా చూశాం. 2025 సెప్టెంబరు చివర్లో జలాశయాల గేట్లు ఎత్తితే, నేను దిగే ఎం.జి.బి.ఎస్.లోకే మూసీ వచ్చింది.

మా దగ్గర 2024 సెప్టెంబరు 1న కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ వానల్లోనే ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. సుభాన్ ఖాన్ అనే ఆయన జె.సి.బి. తీసుకుని ఆ నీళ్లలోకి పోయాడు. పోతే తన ఒక్క ప్రాణం, తిరిగొస్తే తొమ్మిది ప్రాణాలు అని చెప్పి పోయాడు. తొమ్మిది మందినీ తెచ్చాడు. టీవీలో ఆ దృశ్యం చూస్తూ మా వీధిలో అందరూ దేవుడే పంపాడన్నారు. నేనూ అన్నాను. అదే వారం ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న చోట పరామర్శకు పోయినప్పుడు మాత్రం ఆ మాట నోట్లోంచి రానివ్వలేదు. అక్కడ కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది లేదు.

అమ్మ చేసిన పని ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే ఆమె ప్రశ్న సగమే చెప్పినట్టు. మట్టపల్లి నుంచి వచ్చిన కొద్ది రోజులకే ఊరి పెద్దల వెంటపడి, పోరి పోరి, ఆ రేవులో ఒక మోకు కట్టించింది. గట్టు మీద రాయి పాతి, దానికి కట్టి నీళ్లలోకి వదిలారు. పాతబడితే మార్పించేది. అమ్మ పోయాక ఆ పని వెనకింటి పిల్లవాడు అందుకున్నాడు. ఇప్పుడతనికి మనవలున్నారు. అరచేతుల్లో ఆ గీతలు ఇంకా తెలుస్తాయి. ఒకసారి నన్ను, “నేనే ఎందుకు బతికానక్కా?” అని అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. అమ్మకూ తెలియలేదని చెప్పాను.

పోయిన ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు అతను మోకు తీసేసి ఇనుప గొలుసు వేయించాడు. నీళ్లు వదిలాక ఫోను చేశాడు. పిల్లలు దాన్ని పట్టుకుని ఊగుతున్నారట, తెగుతుందేమోనని భయంగా ఉందన్నాడు. ఇంకా లావుది వెయ్యమన్నాను, సగం డబ్బులు నేనిస్తానన్నాను.